నలభై రెండు గుండీలు

ఎవరైనా పలకరించగానే ఆమె చేయి ముందు సూదుల డబ్బీ మీదికి పోయేది. మూడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకునేది. అవతలివాళ్ళు చెప్పుకుంటూ పోతుంటే ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చేది. చివరికి జవాబు ఒకటే. "ఊఁ."

పదిహేడేళ్ళ వయసులో పని నేర్పిన టైలరు మాస్టారు పెట్టిన అలవాటు అది. "సూదులు నోట్లో పెట్టుకుంటే రెండు లాభాలమ్మా. వెతుక్కోనక్కర్లేదు. నోరూ అదుపులో ఉంటుంది" అనేవాడాయన. మొదటి లాభం కోసం మొదలుపెట్టింది. రెండోది అడక్కుండానే వచ్చింది. ఇరవై రెండేళ్ళయింది. వీధిలో పిల్లలు ఆమెను సూదులమ్మ అన్నారు. తర్వాత పెద్దవాళ్ళూ అన్నారు. తీరిక దొరికి సరదాగా ఉన్నప్పుడు భర్త కూడా అలాగే పిలిచేవాడు. అతను బస్సు డ్రైవరు. తీరిక తక్కువ.

ఇంట్లో నలుగురు. పదో తరగతి పరీక్షలు రాసి కంప్యూటరు క్లాసుకు పోతున్న కూతురు ఒకతె. ఆమెను ఇంట్లో అందరూ పిల్ల అనే పిలుస్తారు. నాలుగో మనిషి భర్తకు అక్క, సూదులమ్మకు వదిన.

వదినకు చూపు లేదు. ముప్పై అయిదో ఏట అంచుల నుంచి మసక మొదలై, ఆరేళ్ళలో మధ్యదాకా వచ్చి మొత్తం కమ్మేసింది. ఆమె కుర్చీలకు కేన్ అల్లేది. చూపున్నప్పుడూ అదే పని, పోయాకా అదే పని. "కళ్ళున్నవాళ్ళు అల్లుతూ అల్లుతూ దిక్కులు చూస్తారు. నాకా గోల లేదు" అనేది. కొట్టువాళ్ళు పాత కుర్చీలు తెచ్చి వసారాలో పడేసి పోయేవారు. తొట్టిలో నానబెట్టిన కేన్ తీసి, ఒళ్ళో కుర్చీ పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళ అడుగుల చప్పుడుకే పేరు పెట్టి పిలుస్తూ అల్లేది.

సూదులమ్మ ఆ ఇంటికి కొత్తగా వచ్చిన రోజు వదినకు ఇంకా చూపుంది. చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. "ఈ తలుపు వానలు మొదలైతే బిగుసుకుంటుంది. కింద కాలితో ఒక్కటియ్యి, తెరుచుకుంటుంది. ఈ గడప చూడ్డానికి పొట్టిది, నమ్మకు. ఈ పంపు ముందు కాసేపు దగ్గుతుంది, తర్వాత నీళ్ళిస్తుంది. మా తమ్ముడూ అంతే, ఓపిక పట్టాలి." ఆ మధ్యాహ్నం తర్వాత సూదులమ్మకు ఆ ఇంట్లో ఎక్కడా కాలు తడబడలేదు.

వదినకు చూపు పూర్తిగా పోయిన ఏడు, వంటగది గడపకు తగిలి మూడోసారి పడ్డాక, సూదులమ్మ ఒక పట్టీ కుట్టింది. యూనిఫాం గుడ్డలో మిగిలిన ముక్కలు నాలుగు మడతలు వేసి, రెండు వేళ్ళ వెడల్పున, బారులు బారులుగా. వీధి మెట్టు దగ్గర మొదలై వసారా, వదిన గది, హాలు, వంటగది, పెరడు దాటి నీళ్ళతొట్టి దాకా గోడ వెంట నడుము ఎత్తున మేకులకు కట్టింది. అడుగుకో తెల్ల చొక్కా గుండీ. గడప వచ్చేచోట కోటు గుండీ, పెద్దది. మెట్టు దిగేచోట ఇత్తడి గుండీ, వేలికి చల్లగా తగిలేది.

కొలవడానికి వారం పట్టింది. వదిన నడిచేది, ఆగేది, "ఇక్కడ" అనేది. సూదులమ్మ సుద్దముక్కతో గీత పెట్టేది. మొదటి రోజు తొందరపడి తన అడుగులతో కొలిచేసింది. వదిన గోడకు గుద్దుకుని, నుదురు రుద్దుకుంటూ నవ్వింది. "నీది ఒంటె అడుగు తల్లీ. నా అడుగుకు కుట్టు."

మొత్తం యాభై మూడు తెల్ల గుండీలు. నెల తిరిగేసరికి వదినకు చూపు లేదన్న సంగతి ఇంట్లోవాళ్ళకే గుర్తుండేది కాదు. వేళ్ళు పట్టీ మీద ఆనీ ఆనకుండా జారిపోతుండగా, ఆమె వంటగదిలోంచి వసారాలోకి అందరికంటే ముందే చేరేది. ఎవరైనా చేయి అందిస్తే విదిలించేసేది. "నేనేం పడవనా, తెడ్డెయ్యడానికి?"

పదకొండేళ్ళు అలా గడిచాయి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, వీళ్ళు అద్దెకున్న ఆ ఇంటిని ఇంటివాళ్ళు అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి కొట్ల వరస కడతారట. వీళ్ళ సొంతిల్లు ఊరి చివర సగంలో ఉంది. గోడలు లేచాయి, పైకప్పు పడింది, నేల లేదు, తలుపుల్లేవు. మేస్త్రీని ఎప్పుడడిగినా ఒకటే మాట. "ఇంకో వారం, అంతే." ఏ వారమో చెప్పేవాడు కాదు.

"ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. మేస్త్రీతో మాట్లాడి చూడు అనడం మర్చిపోయారు" అన్నాడు భర్త.

అందుకని మధ్యలో ఇంకో ఇల్లు. భర్తతో పాటు పనిచేసి రిటైరైన కండక్టరుగారి మేడ మీద రెండు గదులు. "రెండు వారాలే కదా" అనుకుని వెళ్ళారు. రెండున్నర నెలలున్నారు.

సామాను సర్దింది భర్త. డ్యూటీకి డ్యూటీకి మధ్య దొరికిన రెండు గంటల్లో పద్దెనిమిది అట్టపెట్టెలు నింపి, అన్నిటి మీదా ఒకే మాట రాశాడు: ముఖ్యమైనవి.

"అన్నీ ముఖ్యమైనవైతే ఏది ఎందులో ఉందో ఎలా తెలుస్తుంది నాన్నా?" అంది పిల్ల.

"ముఖ్యం కానిది ఏదో చెప్పు, అది బయట పెడతా."

పట్టీని మాత్రం సూదులమ్మే మేకుల నుంచి విప్పి, టేపు చుట్టినట్టు చుట్టి, తన బట్టల పెట్టెలో అడుగున పెట్టింది. లారీ వాకిట్లో నిలబడి ఉండగా వదిన ఇంట్లోకి ఒక్కత్తే వెళ్ళింది. పట్టీ లేని గోడ మీద చేయి పెట్టి, ఒక మేకు నుంచి ఇంకో మేకుకు దూకిస్తూ, నీళ్ళతొట్టి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఎక్కడా తడబడలేదు. వీధి మెట్టు దిగి, "పదండి" అంది. ఆమె గుడ్డిదని లారీ కుర్రాళ్ళకు తెలియనే లేదు.

మేడ మీది గదులు ఇరుకు. మంచాల కింద పెట్టెలు, పెట్టెల మీద బట్టలు, కిటికీ ముందు కుట్టుమిషను. ముందు గదిని ఆనుకునే బాత్రూము ఉంది. కుర్చీ నుంచి బాత్రూముకు ఆరడుగులు, గోడ పట్టుకుని వెళ్ళొచ్చు. ఆరడుగులు దాటితే పద్నాలుగు మెట్లు, నిటారుగా, ఒకవైపు కమ్మీ లేకుండా. కేన్ నానబెట్టే తొట్టికి చోటు లేదు. కుర్చీల కొట్టువాడికి ఇల్లు కుదిరాక కబురు చేస్తామన్నారు.

"నా చేతులకి వేసవి సెలవులు" అంది వదిన.

మొదటి వారంలోనే అడిగింది. "అమ్మాయ్, ఇక్కడ పట్టీ ఎప్పుడు కడతావు?"

సూదులమ్మ కాలరుకు సూదులు గుచ్చుతోంది. అది బళ్ళకు యూనిఫాములు కుట్టే కాలం. నూట నలభై జతలు, బడి తెరిచే లోపల. "ఊఁ" అంది.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన కండక్టరుగారు ఆ మాట విన్నాడు. "మేకులు మాత్రం కొట్టొద్దు తల్లీ. ఈ గోడకు మేకు దిగితే నా గుండెలో దిగినట్టే. ముప్పై ఏళ్ళు చింపిన టికెట్లన్నీ ఈ గోడల్లోనే ఉన్నాయి."

"మీ గుండె చల్లగుండ. కిటికీ ఊచలకి కట్టుకుంటాంలెండి" అంది వదిన. "ఏం అమ్మాయ్? ఊచలకి ఒక కొస, తలుపు గడియకి ఒక కొస. చాలదూ?"

"ఊఁ."

రెండోసారి మెట్ల గురించి. "పద్నాలుగు మెట్లట, పిల్ల చెప్పింది. ఒక్కసారి దింపి ఎక్కించావంటే లెక్క కాళ్ళకు పట్టేస్తుంది. తర్వాత నీ జోలికి రాను. కిందికెళ్ళి అరుగు మీద కూర్చుంటే నాకూ పొద్దుపోతుంది, నీకూ కాళ్ళకడ్డం ఉండను."

"ఊఁ."

"ఆదివారమా?"

"ఊఁ."

ఆదివారం వచ్చింది. మిషను ఆగలేదు. భర్తకు సెలవుల రద్దీ, రెండు షిఫ్టులు. ఇంటికి వచ్చినవాడు వచ్చినట్టే కొత్తింటికి పోయి మేస్త్రీని పట్టుకునేవాడు. అక్కను కిందికి భార్య దింపి ఉంటుందనుకున్నాడు. పిల్ల దింపి ఉంటుందని భార్య అనుకుంది. నాన్న చూసుకుంటాడని పిల్ల అనుకుంది. ముగ్గురిలో ఏ ఒక్కరూ మిగతా ఇద్దరిని అడగలేదు. అడగడానికి ముగ్గురూ ఒకచోట ఉంటేగా.

మూడోసారి వదిన అడగలేదు. సూదులమ్మకు అది హాయిగా అనిపించింది. ఆ హాయి తర్వాత చాలాకాలం ఆమెను గుచ్చింది.

వదిన కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది. ఎప్పటి నుంచో తెలియదు గానీ పట్టీ ఆ కుర్చీ చేతి మీద ఉండేది, చుట్టచుట్టి. బట్టల పెట్టె అడుగున ఉండాల్సింది కుర్చీ మీదికి ఎలా వచ్చిందని సూదులమ్మకు తోచలేదు. చూసింది. చూసి, మళ్ళీ మిషను తొక్కింది.

బడి తెరవడానికి ముందు ఆదివారం. సాయంత్రం అయిదింటికి బడి గుమాస్తా వచ్చి చివరి కట్ట తీసుకుపోతాడు. ఆరు చొక్కాలు మిగిలాయి. వాటికి కాజాలు కుట్టేసింది. గుండీల డబ్బా తెరిస్తే అడుగున మూడే గుండీలు, ఒక విరిగిన సూది. కొత్త పాకెట్టు కొని చాలా రోజులైంది. అది పద్దెనిమిది ముఖ్యమైన వాటిలో దేంట్లోనో ఉంది.

మొదటి పెట్టెలో గోడగడియారం, కుండ మూతలు. రెండోదాంట్లో పాత బస్సుల టైము పట్టిక, పిల్ల చిన్నప్పటి బూట్లు. మూడోదాంట్లో దుప్పట్లు. మిగతావి మంచాల కింద ఒకదాని మీద ఒకటి. గడియారం ఆగిపోయి ఉంది గానీ, ఎండ కిటికీ నుంచి మిషను మీదికి వచ్చింది. అంటే రెండున్నర. గుండీల కొట్టుకు ఆదివారం సెలవు. పిల్ల స్నేహితురాలింటికి వెళ్ళింది. వదిన స్నానం చేస్తోంది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు ఆమె కళ్ళు పట్టీ మీద పడ్డాయి.

ఆరు చొక్కాలు, చొక్కాకు ఏడు. నలభై రెండు. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచించినంతవరకు సరిగ్గానే ఆలోచించింది. ఆ ఇల్లు పోయింది. కొత్తింట్లో అడుగులు వేరు, ఎలాగూ అన్నీ ఊడదీసి మళ్ళీ కుట్టాల్సిందే. రేపు కొట్టు తెరుస్తారు. ఇవి అరువు.

బ్లేడు తీసుకుని కూర్చుంది. పదకొండేళ్ళ కిందటి దారం, రెండు పేటలు వేసి, ముడి మీద ముడి వేసి కుట్టింది. ఆమె కుట్టు ఆమెకే లొంగలేదు. వీధి మెట్టు వైపు నుంచి మొదలుపెట్టి కోసుకుంటూ వెళ్ళింది. వసారా పోయింది. వదిన గది పోయింది. హాలు, వంటగది పోయాయి. నలభై రెండు వచ్చేసరికి పెరట్లో పదకొండు గుండీలు మిగిలాయి. అక్కడ ఆగింది. కోటు గుండీలు, ఇత్తడి గుండీలు ముట్టుకోలేదు. అవి చొక్కాలకు పనికిరావు. పట్టీ మీద గడపలు మిగిలాయి, మెట్లు మిగిలాయి. అడుగులు పోయాయి.

గుండీలు కాస్త పసుపు తిరిగి, అంచులు అరిగి ఉన్నాయి. సబ్బునీళ్ళలో ముంచి తీస్తే తెల్లబడ్డాయి. పట్టీని ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టి కుర్చీ చేతి మీద పెట్టేసింది. వదిన వచ్చాక చెబుదామనుకుంది. చెప్పబోయే ముందు అలవాటుగా మూడు సూదులు నోట్లో పెట్టుకుంది.

వదిన గోడ పట్టుకుని వచ్చింది. ఆరడుగులు. తల తుడుచుకుని, కూర్చుని, పట్టీ ఒళ్ళోకి తీసుకుని విప్పింది. సూదులమ్మ గుండీలు కుడుతూ చూస్తోంది.

వదిన బొటనవేలు ఇత్తడి గుండీ మీద ఆగింది. వీధి మెట్టు. ఎవరో మెట్టెక్కే ముందు నిలబడినట్టు ఒక్క క్షణం నిలబడి, ముందుకు జరిగింది. ఏమీ తగల్లేదు. ఇంకొంచెం జరిగింది. వెనక్కి వచ్చి ఇత్తడి గుండీని మళ్ళీ తడిమి చూసుకుంది. మళ్ళీ బయల్దేరింది. ఈసారి నెమ్మదిగా, గోరు మోపి. గోటికి తెగిన దారపు మొదళ్ళు తగిలాయి. ఒకటి, రెండు, మూడు. వేలు అక్కడే ఆగిపోయింది.

"అమ్మాయ్."

"ఊఁ."

వదిన వేలు వెనక్కి తీసుకుంది.

"ఏం లేదులే" అంది.

గుమాస్తా అయిదింటికి వచ్చి కట్ట తీసుకుపోయాడు.

పొద్దువాలాక పిల్ల వచ్చి, చెప్పులు విప్పుతూనే, "అత్తా, ఇవాళ ఎక్కడిదాకా నడిచావు?" అని అడిగింది. వదిన ఒళ్ళు నొప్పులని చెప్పి లోపలి గదిలో పడుకుంది.

"నడవడమేంటే?" అంది సూదులమ్మ.

"అదేనమ్మా, పట్టీ మీద. రోజూ నడుస్తుందిగా, నీకు తెలీదా? వేళ్ళతో. 'ఇప్పుడు వంటగది దాటాను, మీ అమ్మ గిన్నెలు దారిలోనే పెట్టింది' అంటుంది. నీళ్ళతొట్టి దగ్గరికెళ్ళి, 'ఎవరే ఇక్కడ సబ్బు పడేసింది' అని నన్ను తిడుతుంది. నేను, పొద్దున పక్కింటి పిల్లి వచ్చి సబ్బు వాడుకుంది అత్తా అంటా." పిల్ల నవ్వింది. "నువ్వు ఇక్కడే కూర్చుంటావు కదమ్మా. ఎప్పుడూ వినలేదా?"

మిషను చప్పుడులో వినలేదు. లేక విని "ఊఁ" అందేమో, అదీ గుర్తులేదు.

భర్త వచ్చాక అతనికి చెప్పింది. సూదులు నోట్లో లేకుండా చెప్పింది. అతను చొక్కా విప్పబోతూ ఆగాడు. గుండీ మీద చేయి అలాగే ఉండిపోయింది.

"నా చొక్కాలు నాలుగున్నాయి కదే" అన్నాడు చివరికి. "అడిగితే కోసిచ్చేవాణ్ణి. పిన్నీసులు పెట్టుకుని తోలేవాణ్ణి బస్సు."

ఇంట్లో ఇన్ని చొక్కాలున్నాయి. ఆమె రవికెలకు ఉన్నాయి, పిల్ల బట్టలకు ఉన్నాయి, దిండు గలీబులకు కూడా ఉన్నాయి గుండీలు. ఒక్కటీ ఆ మధ్యాహ్నం ఆమె కంటికి ఆనలేదు.

మర్నాడు కొట్టు తెరవగానే తనే వెళ్ళి గుండీలు తెచ్చింది. పాత సూది రంధ్రాలు కనిపిస్తూనే ఉన్నాయి. నలభై రెంటినీ అవే రంధ్రాల్లో, అవే రెండు పేటల దారంతో కుట్టింది. మిగతా పనేమీ ముట్టుకోలేదు. పూర్తయ్యాక వదిన ఒళ్ళో పెట్టింది.

వదిన కొంతదూరం తడిమింది. వసారా అయింది. తన గది గుమ్మం దాకా వెళ్ళింది.

"కొత్తవి కదూ?"

"అవును వదినా. తప్పయిపోయింది. అవే చోట్ల కుట్టాను. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు."

"తెలుస్తోందిలే. బాగా కుట్టావు." వదిన వేళ్ళు ఇంకో రెండు గుండీలు దాటి ఆగాయి. "జారుతున్నాయి. ఎవరి ఇంట్లోనో నడిచినట్టుంది."

పట్టీని తనే చుట్టింది. అంచులు సరిచేసి, కొస లోపలికి దోపి, చేయి చాచింది. "పెట్టెలో పెట్టెయ్యమ్మా."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండుననుకుంది సూదులమ్మ. వదిన తిట్టగలిగిన మనిషి. పంపును తిట్టేది, తమ్ముణ్ణి తిట్టేది, బిగుసుకున్న తలుపును తిట్టేది.

ఆ సాయంత్రం వదిన "పిల్లా" అని పిలిచింది. "కాస్త చెయ్యివ్వవే, బాత్రూముకు."

ఆరడుగులు.

పిల్ల తల్లి వైపు చూసింది. సూదులమ్మ చూపు మిషను మీదికి దించుకుంది.

అప్పటి నుంచి ప్రతిసారీ పిల్లే. పిల్ల లేకపోతే వదిన కూర్చునే ఉండేది. "నేను తీసుకెళ్తాను వదినా, రండి" అంటే, "నీకెందుకమ్మా, పని పాడవుతుంది. అదొస్తుందిలే" అనేది. పిల్ల కంప్యూటరు క్లాసులో ఉండగా మూడు గంటలు అలాగే కూర్చున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో మంచినీళ్ళు కూడా తాగేది కాదు.

బడి తెరిచారు. పొద్దున్నే పిల్లలు మేడ కింద నుంచి కొత్త యూనిఫాముల్లో వెళ్తుంటే సూదులమ్మ కిటికీలోంచి వాళ్ళ చొక్కాల ముందు భాగం చూసేది. కాలరు నుంచి కిందికి ఏడు గుండీలు. ఎవరో ఆరుగురు పిల్లలు వదిన అడుగులు తొడుక్కుని నడుస్తున్నారు. ఎవరో తెలియదు. అడిగి తెచ్చుకునేవీ కావు. ఒకరోజు భర్త వచ్చి, పాత వీధి మీదుగా బస్సు వెళ్ళిందని చెప్పాడు. వంటగది గోడ ఒక్కటే నిలబడి ఉందట, మేకులతో సహా. రెండు రోజుల తర్వాత అదీ లేదన్నాడు. వదిన విన్నది. "ఆ తలుపు తీయడానికి తన్నారో లేదో, పాపం" అంది. అంతే.

మొదటి వాన పడ్డాక మేస్త్రీ వారం వచ్చింది. మళ్ళీ లారీ. పద్నాలుగు మెట్లూ వదిన పిల్ల భుజం పట్టుకుని దిగింది. కండక్టరుగారు గోడలన్నీ ఒకసారి తడిమి చూసుకుని, "ఒక్క మేకు లేదు. బంగారం లాంటి మనుషులు" అన్నాడు.

కొత్తిల్లు సున్నం వాసనేస్తోంది. ముందు గది వదినది. భర్త ఆ రోజు సెలవు పెట్టాడు. సుత్తి, గుప్పెడు మేకులు పట్టుకుని అక్క ముందు నిలబడ్డాడు, బహుమతి తెచ్చిన చిన్నపిల్లాడిలా.

"అక్కా, ఇది మన గోడ. ఎన్ని కావాలంటే అన్ని కొడతా. ఎక్కడెక్కడ కొట్టమంటావో చెప్పు."

"దేనికిరా మేకులు?"

"పట్టీకి."

"గోడలు పాడుచేసుకోకు. ఇప్పుడే కట్టావు." వదిన మంచం అంచు తడుముకుని కూర్చుంది. "పిల్ల ఉందిగా."

అతను సుత్తితో అలాగే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి గోడగడియారం తగిలించాడు. ఒక్క మేకు పట్టింది దానికి.

సాయంత్రం సూదులమ్మ పెట్టెలు విప్పింది. ఏడో పెట్టె తెరవగానే పైనే ఉంది గుండీల పాకెట్టు. సీలు కూడా తీయలేదు. పన్నెండు డజన్లు. ఆ పెట్టె మేడ మీద రెండున్నర నెలలు వదిన మంచం కింద, చేయి చాపితే అందే చోట ఉంది. పాకెట్టు చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుంది.

పక్కగదిలోంచి వదిన పిలుపు వినిపించింది. "పిల్లా, చెయ్యివ్వవే." తర్వాత నాలుగు కాళ్ళ చప్పుడు, ఇంటి వెనక్కి వెళ్తూ. రెండు వేగంగా, రెండు వాటిని పట్టుకుని.

మర్నాడు తెల్లవారుతూనే సూదులమ్మ లేచింది. సూదుల డబ్బీ తీసింది. మూత పెట్టి, కిటికీ గట్టు మీద దూరంగా పెట్టేసింది. యూనిఫాం గుడ్డ ముక్క ఒకటి కళ్ళకు గట్టిగా కట్టుకుంది. వదిన గది గుమ్మంలో నిలబడి గోడ మీద చేయి పెట్టి నడవడం మొదలుపెట్టింది. తన ఇల్లే. నిన్నంతా తిరిగిన ఇల్లే. నాలుగో అడుగులో పెట్టె తగిలింది. హాలు మలుపు దగ్గర గోడ ఉంటుందనుకున్నచోట లేదు. గడపకు బొటనవేలు కొట్టుకుంది. ఎక్కడికక్కడ సుద్దతో గీత పెట్టుకుంటూ బాత్రూము తలుపు దాకా వెళ్ళింది. పదిహేడు.

కళ్ళకు కట్టిన గుడ్డ విప్పేసి, పాత పట్టీ పక్కన పెట్టి, కొత్త గుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టింది. దాన్ని హాల్లో గోడ వెంట పరుచుకుని, పాకెట్టు చింపి, గీత గీతకూ గుండీ కుట్టడం మొదలుపెట్టింది.

నాలుగు కుట్టాక వదిన పిల్లను పిలిచింది. ఇద్దరూ హాల్లోంచి వచ్చారు. పిల్ల, తల్లి పరిచిన పట్టీ దాటడానికి అత్తను పక్కకు జరిపింది.

"ఏంటే అది?" అంది వదిన.

"అమ్మ పట్టీ కుడుతోంది అత్తా. మొత్తం పదిహేడట."

వదిన ఆగలేదు. పిల్ల భుజం వదల్లేదు. వెళ్తూ వెళ్తూ అంది:

"నీవి ఒంటె అడుగులు. ఇరవై రెండు."

బాత్రూము తలుపు మూసుకుంది.

సూదులమ్మ బ్లేడు తీసుకుంది. కుట్టిన నాలుగు గుండీలూ కోసింది. గోడ మీది గీతలు తడిగుడ్డతో తుడిచింది. మోకాళ్ళ మీద గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి, జానతో మళ్ళీ మొదటి నుంచి కొలవసాగింది, ఈసారి అడుగు చిన్నది చేసి.